అల్లుడి ముక్క

ఆ వసంతంలో నేనూ జుపార్ విడిపోవాలని నిశ్చయించుకున్నాం. తగాదా ఏదీ లేదు. ఉండి ఉంటే చెప్పుకోవడానికి కనీసం ఒక కారణం మిగిలేది.

అంతకుముందు ఆకురాలు కాలంలో మా ఒక్కగానొక్క కూతురు మర్జాన్‌కు పెళ్ళి చేసి తరాజ్‌లోని అత్తవారింటికి పంపించాం. ఆ శీతకాలమంతా మేమిద్దరం వంటగదిలో ఎదురెదురుగా కూర్చుని టీ తాగాం. ఇన్నేళ్ళుగా ఒకరితో ఒకరం మాట్లాడుకుంటున్నామని నమ్ముతూ వచ్చిన మాటలన్నీ ఆ పిల్ల మీదుగా నడిచినవేనని అప్పుడు అర్థమైంది. “మీ నాన్నకు చెప్పు, కుళాయి కారుతోందని.” “మీ అమ్మనడుగు, రేపు డ్యూటీ ఉందేమో.” పిల్ల వెళ్ళిపోయాక కూడా కుళాయి కారుతూనే ఉంది. ఆ సంగతి చెప్పే మనిషి లేకపోయింది.

మార్చి నెలాఖరున ఒక సాయంత్రం జుపార్, “ఇలా ఎన్నాళ్ళు?” అంది. నేను, “నీ ఇష్టం,” అన్నాను. నా జవాబులో కోపం లేదు. ఆమె ముఖంలోనూ కనిపించలేదు. అంతటితో విషయం తేలిపోయింది.

నాకు షిమ్‌కెంత్ బజారు వెనక వీధిలో కళ్ళద్దాలు సానపట్టే చిన్న దుకాణం ఉంది. జుపార్ ప్రాంతీయ రేడియోలో పనిచేస్తుంది. ఆ ఏప్రిల్‌లో ఆమెకు ఒక కార్యక్రమం అప్పగించారు. షిమ్‌కెంత్ చుట్టూ మా దక్షిణ ప్రాంతంలో పాత కట్టడాలున్న చోట్లకు వెళ్ళి, ఆ చుట్టుపక్కల ఇళ్ళలో ఏం వండుకుంటారో అక్కడి మనుషుల గొంతులోనే చెప్పించాలి. బయలుదేరే ముందు రేడియో డ్రైవరు మంచు కరిగిన మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు.

“మీరు బండి నడుపుతారా?” అని జుపార్ అడిగింది. “మూణ్ణాలుగు రోజుల పని. ఆఖరున సోజాక్, మా అమ్మ దగ్గర.”

మేము ఒకే తరగతిలో చదువుకున్నవాళ్ళం. ఆ మార్చి సాయంత్రం దాకా ఆమె నన్ను ‘నువ్వు’ అనే పిలిచేది. మా వైపు ఆడవాళ్ళు చాలామంది భర్తను ‘మీరు’ అనే అంటారు కనుక ఈ మార్పు ఎవరి చెవికీ వింతగా తగలదు.

“మీ అమ్మకు ఎవరు చెప్తారు?” అన్నాను.

“మీరు.”

“మాటలు నీ వృత్తి కదా.”

“అందుకే. ఇన్నేళ్ళూ మన ఇద్దరి తరఫునా నేనే మాట్లాడాను. ఇదొక్కటీ మీరు చెప్పండి. భోజనాలయ్యాక, టీ దగ్గర. ముందే చెప్తే ఎవరికీ ముద్ద దిగదు.”

సరే అన్నాను.

*

బజారులో ఆకుకూర సమోసాలు దిగే రోజులవి. పుదీనా, గట్ల మీద మొలిచే లేత ఆకులు, కాస్త గొర్రె తోక కొవ్వు. ఏడాదిలో ఆ కొద్ది వారాలే దొరుకుతాయి. తందూరు గోడ నుంచి సమోసాలు ఊడదీసే చప్పుడు జుపార్ రికార్డు చేసుకుంది. తరవాత ఆ మనిషిని పక్కకు జరగమని, మైకు పైకెత్తి, ఏమీ మాట్లాడకుండా నిలబడింది.

“ఏం రికార్డు చేస్తున్నావు?” అని ఆపిన తరవాత అడిగాను.

“ఇక్కడి నిశ్శబ్దం.”

“బజారులోనా?”

“మనుషులు మాట్లాడనప్పుడు మిగిలేది. ప్రతిచోటా తీసుకోవాలి. మాటకీ మాటకీ మధ్య అతుకు వేయడానికి పనికొస్తుంది. ఒకచోటి నిశ్శబ్దం ఇంకోచోట అతకదు, తెలిసిపోతుంది.” రికార్డరు సంచిలో పెట్టుకుంటూ, “మీకిది సులువైన పని. పక్కన నిలబడితే చాలు,” అంది.

ఆమె ఎత్తిపొడవాలని అనలేదు. ఉన్నమాటే అంది.

అరిస్తాన్ బాబ్ అనే పాతకాలపు సూఫీ గురువు సమాధి దగ్గరికి మధ్యాహ్నానికి చేరుకున్నాం. మైదానం అప్పుడప్పుడే పచ్చబడుతోంది. యాత్రికుల కోసం ఒక పెద్దావిడ పెనం ముందు కూర్చుని, చచ్చిపోయినవాళ్ళ పేరు మీద పంచే రొట్టెలు నూనెలో వేయిస్తోంది. పిండి ఎంత మెత్తగా కలపాలో జుపార్ అడిగితే ఆవిడ మైకు వంక చూడకుండా ఆమె చెవి తమ్మె పట్టుకుని నొక్కింది. “ఇంత. ఇంతకంటే గట్టిపడితే చచ్చినవాళ్ళు కూడా నమల్లేరు.”

బావి నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. ఒక గ్లాసు ముంచి జుపార్‌కు ఇచ్చాను. “థాంక్సండీ,” అంది. “ఫరవాలేదు,” అన్నాను. పెద్దావిడ గరిటె ఆపింది.

“మీరిద్దరూ ఆఫీసులో కలిసి పనిచేస్తారా అమ్మాయీ?”

“కాదమ్మా. మా ఆయన.”

“ఓహో,” అని ఆవిడ మళ్ళీ రొట్టె తిరగేసింది. “నీళ్ళిచ్చినందుకు మా ముసలాయనకు నేను థాంక్స్ చెప్తే, నాకు జ్వరమొచ్చిందనుకుని మందులషాపుకు పరిగెత్తేవాడు.”

జుపార్ నవ్వింది. ఆ నవ్వు రికార్డులో పడింది. తరవాత ఇద్దరం సమాధి గోడ పక్కన నిలబడి అక్కడి నిశ్శబ్దం తీసుకున్నాం. పావురాల రెక్కలు, బావి గొలుసు, నూనె చిటపట. నేను ఊపిరి కూడా నెమ్మదిగా పీల్చాను.

*

సౌరాన్ అనే పాత నగరపు శిథిలాలు ఎత్తుగా ఉండవు. మట్టి గోడ కరిగి మట్టిలో కలుస్తూ, కలవడం ఇంకా పూర్తికాక, అలా నిలబడి ఉంటుంది. గోడకు అవతల గొర్రెలు కాచుకునే బెకెన్ అనే ఆయన ఇల్లు. మేము వద్దని ముందే ఫోను చేసి చెప్పినా ఆయన ఆ ఉదయమే గొర్రెను కోశాడు.

“ఎందుకండీ ఇంత శ్రమ?” అని జుపార్ అంటే, “నా గొంతు దేశమంతా వినబోతుంటే గొర్రె ఒక లెక్కా తల్లీ? గొర్రె కూడా గర్వపడే పోయింది,” అన్నాడు.

భూమి కింద నీళ్ళు నడిపించిన పాత కాలువల గురించి, అవి ఎక్కడ కూలాయో గొర్రెల కాళ్ళు ముందుగా ఎలా పసిగడతాయో ఆయన చాలాసేపు చెప్పాడు. తరవాత మాంసం పళ్ళెం వచ్చింది. కత్తి పట్టుకుని నా వైపు తిరిగాడు.

“తమ్ముడూ, మీ నాన్నగారు ఉన్నారా?”

“ఉన్నారు. అరీస్‌లో మా తమ్ముడి దగ్గర.”

“చల్లగా ఉండాలి. అయితే తలకాయ నీకు పెట్టను. తండ్రి బతికుండగా కొడుకు తలకాయ కోయకూడదు. ఇదిగో, తుంటి ఎముక. ఈ ఇంటికి వచ్చిన పెద్ద అతిథివి నువ్వే.” తుంటి నా ముందు పెట్టి, జాలిగా తల ఊపాడు. “అత్తారిల్లయితే రొమ్ము ముక్క దొరికేది, పాపం. మెత్తగా, కొవ్వు కారుతూ. ఏం చేస్తాం? గౌరవం వేరు, చుట్టరికం వేరు. గౌరవానికి ఎముక పెద్దది, మాంసం తక్కువ.”

“ఎల్లుండి మా అమ్మ పెడుతుందిలెండి,” అంది జుపార్. “పెళ్ళైన దగ్గర్నుంచీ రొమ్ము ముక్క ఆయనదే. మా అన్నయ్యకు చూపు కూడా దక్కదు.”

అలవాటు కొద్దీ అంది. అన్నాక, చేతిలో తిరుగుతున్న రికార్డరు వంక చూసింది. నేను తుంటి కోసి అందరికీ తలో ముక్క అందించాను. అతిథి చేయవలసిన పని అదే.

భోజనమయ్యాక గోడ మీద కూర్చున్నాను. జుపార్ దూరంగా మైకు ఎత్తి నిలబడింది. గాజు సానపట్టేవాడు గాజుకు కొత్తగా దేన్నీ చేర్చలేడు, తీసివేయడం ఒక్కటే వాడి చేతిలో ఉంటుంది. ఎక్కడ ఆపాలో తెలియకపోతే అద్దం పలచబడి ఒకరోజు చేతిలోనే పుటుక్కుమంటుంది. మాటలను కూడా నేను అలాగే సానపడుతూ వచ్చానేమోనని అక్కడ అనిపించింది. జుపార్ మైకు దించి నా వైపు నడిచి వస్తున్నప్పుడు ఆ సంగతి చెప్పాలనుకున్నాను. ఆమె వచ్చి, “ఇక బయలుదేరదామా?” అంది. “సరే,” అన్నాను.

*

కెంతౌ దాటి కరతౌ కొండలెక్కేసరికి పొగమంచు, సన్నటి వాన. తుర్లాన్ కనుమ దగ్గర జుపార్ బండి ఆపమంది. అద్దం దించి చేయి బయటపెట్టి చూసి, మళ్ళీ ఎక్కించింది.

“వాన చప్పుడు తప్ప ఏమీ పడదు. తిరుగుదారిలో ఇక్కడ తీసుకుందాం.”

నేను బండి కదిలించాను. తిరుగుదారికల్లా మా మాట ఆ ఇంట్లో చెప్పేసి ఉంటాం.

సోజాక్ వైపు దిగాక ఎండ కాసింది. మా అత్తయ్య గుమ్మంలోనే నిలబడి ఉంది. పక్కన జుపార్ అన్న తోలెగెన్, ఆయన భార్య ఉల్జాన్. నేను డిక్కీ తెరిచి జుపార్ సంచి అందుకోబోయాను.

“మీకెందుకు శ్రమ, నేను తెచ్చుకుంటాను.”

“ఫరవాలేదు, ఇలా ఇవ్వు.”

“థాంక్సండీ.”

అత్తయ్య కళ్ళద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. ఆ అద్దాలు ఆ శీతకాలంలో నేను చేసి పంపినవే. దూరానికీ దగ్గరకీ కలిపి సానపట్టినవి. అంత ఓపికగా నేను మరెవరికీ చేయలేదు.

“రా అల్లుడూ,” అంది. “దారిలో వాన పడిందా?”

“కనుమ మీద పడింది అత్తయ్యా.”

తోలెగెన్ నా భుజం మీద చరిచాడు. “బావా, నీ గొర్రె మూడు రోజుల్నుంచి నిన్ను తలుచుకుని మేత మానేసింది. ఇవాళ దాని బాధ తీర్చాను.”

ఆ మధ్యాహ్నం జుపార్ తల్లి దగ్గర జున్ను గురించి రికార్డు చేసింది. నేను పొయ్యి దగ్గర పిడకలు అందిస్తూ విన్నాను.

“ఇది నోట్లో పెట్టుకోవాలా?” అని అత్తయ్య మైకును అనుమానంగా చూసింది.

“అక్కర్లేదమ్మా. ఊరికే మాట్లాడు.”

“మాట్లాడటానికి నాకు యంత్రం దేనికి? సరే, విను. ఈనిన రోజు మొదటి పూట పాలు దూడవి. వాటి జోలికి పోకూడదు. రెండో పూట నుంచి మనకు. పాలు గిన్నెలో పోసి, ఆ గిన్నెను వేణ్ణీళ్ళలో కూర్చోబెట్టాలి. మంట సన్నగా ఉండాలి. కలపకూడదు. కదపకూడదు. తొందరపడి వేలు పెట్టి చూసే కోడళ్ళుంటారు...”

“ఒక్కసారే పెట్టాను అత్తయ్యా, అది కూడా పెళ్ళైన కొత్తలో,” అని ఉల్జాన్ లోపలినుంచి అరిచింది.

“ఒక్కసారికే విరిగింది. ఇప్పుడీ మాట రేడియోలో వస్తుంది, బాగుంది.”

జుపార్ నవ్వుతూ నా వంక చూసింది. పెళ్ళైన కొత్తలో ఇదే వాకిట్లో ఇలాగే చూసేది. నేను పిడక అందించాను. “జాగ్రత్తండీ, చెయ్యి కాలుతుంది,” అంది. అత్తయ్య మాట మధ్యలో ఆగి, మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, “మంట సన్నగా అన్నాను కదా, ఆరిపోయేదాకా ఊరుకోమనలేదు,” అంది. ఆ మాట పొయ్యి గురించే అనుకున్నాను. వంగి ఊదాను.

*

సాయంత్రం వెలుతురు ఉండగానే భోజనాల గుడ్డ పరిచారు. తలకాయ కోయడానికి పక్కింటి పెద్దాయనను పిలిచారు. తోలెగెన్ అందరి చేతుల మీదా నీళ్ళు పోశాడు. పెద్దాయన అరచేతులు తెరిచి దీవెన చెప్పాడు. అందరం ముఖం తుడుచుకున్నాం.

ఆ ఇంట్లో పళ్ళెంలో ఎముకలు పేర్చేది అత్తయ్యే. కోడలు పిండిరేకులు వేస్తుంది, ఉల్లిపాయ పులుసు పోస్తుంది. ఎముకల దగ్గరికి మాత్రం చేయి రానివ్వదు. ఎవరి వయసెంత, ఎవరు ఈ ఇంటికి ఏమవుతారు, ఎవరు ఎవరికి ఎడమవైపు కూర్చుంటారు, అంతా ఆవిడ మనసులో ఉంటుంది. ఆ లెక్క తప్పగా నేనెప్పుడూ చూడలేదు.

పెద్దాయన ముందు తలకాయ పెట్టింది. కొడుకు ముందు కాలి ఎముక. తరవాత నా దగ్గరికి వచ్చి, వంగి, నా ముందు తుంటి ఎముక పెట్టింది.

పెద్దాయన కత్తి ఆగింది. ఉల్జాన్ చేతిలో గరిటె గిన్నె అంచుకు తగిలి మోగింది.

తోలెగెన్ నవ్వేశాడు. “అమ్మా, పళ్ళేలు తారుమారయ్యాయి. బావకు రొమ్ము ముక్క కదా! పెద్దదానివైపోయావు, చూపు ఆనడం లేదు నీకు.”

“తారుమారేం కాలేదు,” అంది అత్తయ్య. “నువ్వు నీది తిను.”

“అమ్మా, అల్లుడికి తుంటి ఏమిటి?”

“అతిథికి పెట్టే ఎముకల్లో ఇంతకు మించింది లేదు. తిను ఎర్మెక్. చల్లారకముందే.”

నా పేరు ఎర్మెక్. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆవిడ నోటినుంచి ఆ పేరు నేను వినలేదు.

చూపు ఆనలేదన్న మాటలో తోలెగెన్ తలదాచుకున్నాడు. ఆ వెసులుబాటు నాకు లేదు. ఆవిడ కళ్ళకు ఎంత దూరంలో ఏది ఎంత స్పష్టంగా కనిపిస్తుందో ఈ లోకంలో అందరికంటే నాకే బాగా తెలుసు.

పళ్ళేల మీద వెతికాను. రొమ్ము ముక్క ఎవరి ముందూ లేదు. జుపార్ తల వంచుకుని ఉంది. తరవాత తలెత్తి నా వైపు చూసింది. నన్ను నిందించలేదు, బతిమాలలేదు. మైకు పట్టుకుని ఎదుటివాడి మాట కోసం వేచి ఉండేటప్పుడు ఎలా చూస్తుందో, అలా చూసింది. ఒక్క మాట చాలు. ‘అత్తయ్యా, ఇది నాది కాదు’ అంటే చాలు. లేదా, ‘అవును, మేం విడిపోతున్నాం’ అన్నా చాలు. రెండిటిలో ఏ ఒక్కటి అన్నా ఆ రోజు నేను మనిషిననిపించుకునేవాణ్ణి.

నేను కత్తి తీసుకున్నాను. తుంటి కోసి అందరికీ తలో ముక్క అందించాను.

పెద్దాయన గొంతు సవరించుకుని, ఈ ఏడు వానలు మేతకు మంచివని గట్టిగా చెప్పడం మొదలుపెట్టాడు. టీ వచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు. చెప్పవలసిన పని నాకు తప్పిపోయింది. తప్పిపోయినందుకు తేలికపడతాననుకున్నాను.

*

పొద్దున అత్తయ్య ఆవు దగ్గర ఉంది. వెళ్ళి పక్కన నిలబడ్డాను.

“అద్దాలు సరిగ్గా ఉన్నాయా అత్తయ్యా?” అని అడిగాను. నోటికి వచ్చింది అదొక్కటే.

“బాగున్నాయి. దూరానిది కనిపిస్తోంది, దగ్గరదీ కనిపిస్తోంది. నువ్విచ్చినవేగా.”

“నిన్న...”

“నిన్న ఏం? అతిథికి లోటు చేశానా?”

“లేదు.”

“మరింకేం,” అని ఆవిడ పాలచెంబు అందుకుని లోపలికి వెళ్ళింది.

టీ తాగి లేచాం. గుమ్మం దగ్గర అత్తయ్య ఒక మూట నా చేతికిచ్చింది. విందు చేసుకున్న ఇంటినుంచి ఎవరూ వట్టి చేతులతో వెళ్ళరు, మిగిలినది కట్టిచ్చే ఆ మూటను మేము సర్‌కిత్ అంటాం. జుపార్ తల్లిని కావలించుకుంది. ఆవిడ కూతురి వీపు నిమిరి, నా వైపు తల ఊపింది. తోలెగెన్ మాత్రం బండి దాకా వచ్చాడు.

“బావా, అమ్మ మాట పట్టించుకోకు. ముసలితనం.”

“మీ అమ్మకు ముసలితనం లేదు బావగారూ,” అన్నాను.

దారిలో జుపార్ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. చాలా దూరం వెళ్ళాక, “ఇక చెప్పక్కర్లేదు,” అంది. “మీ అదృష్టం.”

కనుమ దగ్గర ఆకాశం తేటగా ఉంది. రోడ్డు పక్క రాళ్ళ సందుల్లో ఎర్రటి తులిప్ పూలు పొట్టి కాడల మీద విచ్చుకుని ఉన్నాయి. బండి ఆపాను. జుపార్ రికార్డరు తీసుకుని దిగి, కొంచెం ఎత్తుకు వెళ్ళి, మైకు పైకెత్తింది. మాట్లాడవద్దని వేలు పెదవుల మీద పెట్టింది. నాకు ఆ సంజ్ఞ అవసరమని ఆమె అంతకుముందు ఎప్పుడూ అనుకోలేదు. అలవాటుగా చేసి ఉంటుంది.

నేను బండి ముందు చక్రం దగ్గర కూర్చుని మూట విప్పాను. రొట్టె, జున్ను గిన్నె, ఎండబెట్టిన పెరుగు ఉండలు. అడుగున విడిగా, తెల్లటి గుడ్డలో, ఇంకేదో ఉంది. ముడి విప్పాను. రొమ్ము ముక్క. కత్తి తగలలేదు, కొసలు విరగలేదు. నిన్న మిగతా ఎముకలతోపాటు అదే నీళ్ళలో ఉడికి, పళ్ళెంలోకి రాకుండా వెనక్కి పెట్టినది.

దాన్ని చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. గాలి చప్పుడు పడకుండా మైకుకు తొడిగిన బొచ్చు కదులుతోంది. జుపార్ కళ్ళు మూసుకుని ఉంది.

“జుపార్,” అన్నాను.

ఆమె కళ్ళు తెరిచి, వేలు మళ్ళీ పెదవుల మీద పెట్టింది.

“నిన్నటి ఎముక నాది కాదు. అక్కడే చెప్పాల్సింది. అందరి ముందూ.”

“రికార్డవుతోంది,” అంది, పళ్ళ బిగువున.

“అవనీ. నాది ఇది. మీ అమ్మ దాచిపెట్టింది.” గుడ్డతో సహా పైకెత్తి చూపించాను. “మార్చిలో నువ్వు ‘ఇలా ఎన్నాళ్ళు’ అంటే నేను ‘నీ ఇష్టం’ అన్నాను. అది అబద్ధం. నా ఇష్టం నాకుంది. నాకు వెళ్ళాలని లేదు. నువ్వు వెళ్ళడం కూడా నాకిష్టం లేదు. కుళాయి కారుతోందని నాతోనే చెప్పు. పిల్లతో చెప్పించొద్దు.”

చివరి మాట నవ్వు పుట్టించేదని అన్నాక తెలిసింది. ఆమె నవ్వలేదు. మైకు దించలేదు కూడా. చేయి నొప్పి పుట్టి ఉంటుంది, రెండో చేత్తో పట్టుకుంది.

“నిన్న నీ వంక చూశాను,” అంది.

“చూశాను.”

“చూసి కత్తి తీసుకున్నావు.”

“తీసుకున్నాను.”

“నాకు అప్పుడు... పోనీ అనిపించింది. పూర్తిగా పోనీ అని.” ఆమె గొంతు మామూలుగానే ఉంది, రేడియోలో వాతావరణం చదివేటప్పటిలాగా. “ఇప్పుడు కొండ మీద, ఎవరూ లేనిచోట చెప్తున్నావు. ఇది సులువే.”

“తెలుసు.”

“అయితే?”

లేచి, ముక్కను మళ్ళీ గుడ్డలో కట్టాను. “బండి వెనక్కి తిప్పనా?”

కింద లోయలో ఎక్కడో గొర్రెల మంద గంట వినిపించి ఆగింది. ఆమె రికార్డరు ఆపి, మెడలో వేసుకుని, రాళ్ళ మీద జాగ్రత్తగా దిగింది.

“ఇక్కడి నిశ్శబ్దం పాడుచేశావు,” అంది. “మళ్ళీ తీసేసరికి ఎండ మారిపోతుంది.”

“నడుపుతాను, మళ్ళీ ఇంకో రోజు వద్దాం.”

“ముందు వెనక్కి తిప్పు.”

తరవాత ఆ కార్యక్రమం ప్రసారమైంది. కరతౌ భాగంలో నిశ్శబ్దం లేకపోవడం ఎవరూ గమనించలేదు. కనుమ దగ్గరి రికార్డును జుపార్ వాడుకోలేదు, చెరిపేయనూ లేదు.

*

మా బండి చప్పుడుకు తోలెగెన్ పరుగున బయటికొచ్చాడు. ముఖంలో కంగారు.

“ఏమైంది బావా? ఏమన్నా మరిచిపోయారా?”

“తినడం మరిచిపోయాను,” అన్నాను.

లోపలికి వెళ్ళాం. పొద్దున మేము లేచినప్పుడు పరిచి ఉన్న గుడ్డ ఇంకా అలాగే ఉంది. టీ గిన్నెలు కూడా తీయలేదు. మధ్యాహ్నం కావస్తున్నా ఎందుకు తీయలేదని ఉల్జాన్‌ను నేను అడగలేదు. ఆవిడ అత్తగారి వంక చూసింది. అత్తయ్య తన చోట కూర్చుని ఉన్ని వడుకుతోంది. మమ్మల్ని చూసి కదురు పక్కన పెట్టింది కాని లేవలేదు.

గుడ్డ మూట ఆవిడ ముందు పెట్టాను. చెప్పవలసినది దారి పొడుగునా కూడబలుక్కున్నాను. గుమ్మం దాటేసరికి సగం ఎగిరిపోయింది.

“అత్తయ్యా, మేము విడిపోదామనుకున్నాం. నిన్న మీకు చెప్పడానికే వచ్చాం. చెప్పాల్సింది నేను. చెప్పలేదు. మీరు పెట్టింది తినేశాను.” తోలెగెన్ వెనకాల గోడకు ఆనుకున్న చప్పుడు వినిపించింది. “నేను ఈ ఇంటికి అతిథిని కాను. ఇది ఇక్కడే కూర్చుని తినాలి.”

అత్తయ్య కళ్ళద్దాల మీదుగా కాకుండా, అద్దాలలోంచే, నన్ను నిదానంగా చూసింది. తరవాత కూతురిని చూసింది.

“నువ్వేమంటావు?”

“నేనింకా ఏమీ అనలేదమ్మా,” అంది జుపార్. “బండిలో కూర్చున్నాను. వచ్చాను. అంతవరకే.”

“అంతవరకు చాలు ఇవాళ్టికి. ఉల్జాన్, ఉల్లిపాయ పులుసు వేడిచెయ్యి. అల్లుడూ, చేతులు కడుక్కో.”

తోలెగెన్ నీళ్ళు పోశాడు. చెంబు వంపుతూ ఆయన చెల్లెలి వంకే చూస్తుంటే సగం నీళ్ళు నా చొక్కా చేతి మీద పడ్డాయి. వచ్చి కూర్చున్నాను. అత్తయ్య ముడి విప్పి, ముక్కను పళ్ళెంలో పెట్టి, ఆ పళ్ళేన్ని నా వైపు కాకుండా కూతురి వైపు జరిపింది.

“నేనెందుకు పెడతాను? నా వంతు నిన్నే అయిపోయింది. పెట్టేదుంటే నువ్వు పెట్టు.”

జుపార్ పళ్ళెం వంక చూస్తూ కూర్చుంది. లోపల పులుసు మరిగే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. రికార్డరు ఆమె మెడలోనే వేలాడుతోంది. తరవాత ఆమె పళ్ళెం ఎత్తి నా ముందు పెట్టింది.

“చల్లారిపోయింది,” అంది. “నీ ఆలస్యమే.”